కర్నూలు గవులు, వాటి అడుగు మట్టి

కేంబ్రిడ్జ్‌లో కాపురం ఉంటున్న మన వారందరికీ తెలిసిన చిన్న తలనొప్పి ఒకటున్నది. కొత్తగా కొన్న కెటిల్ అడుగున నెల తిరక్కుండానే తెల్లని పెచ్చు కడుతుంది. గీకితే రాదు. వెనిగర్ పోసి కాసేపు ఉంచితే బుసబుస పొంగి ఊడివస్తుంది. ఈ ఊరి కుళాయి నీళ్ళు ఎక్కువగా సుద్దరాతి పొరలలో ఊరిన భూగర్భజలం. ఆ రాతి సున్నం నీటిలో కరిగి మన వంటింటిదాకా వచ్చి, నీరు కాగినప్పుడు మళ్ళీ రాయిగా పేరుకొంటున్నది.

కర్నూలు సీమలో పుట్టి పెరిగినవాడికి ఇందులో వింత ఏమీ తోచకూడదు. మా ఇంటి నేల అంతా నాపరాయే. ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా లేకుండా ఆ రాతిమీద పడుకొంటే ఒళ్ళు చల్లబడేది. వంటింట్లో నిమ్మచెక్క జారిపడితే మాత్రం మా అమ్మ కేకలు వేసేది. నిమ్మరసం పడినచోట నాపరాయి నునుపు పోయి తెల్లని మచ్చ పడుతుంది, అది ఎంత తుడిచినా పోదు. ఆ మచ్చకూ, మా జిల్లా గుహలకూ కారణం ఒకటేనని నాకు చాలా ఏళ్ళ తరువాతగాని తెలియలేదు. పుల్లని నీరు సున్నపురాతిని తింటుంది. ఒక్క చుక్క మచ్చ చేస్తుంది. లక్షల వానాకాలాల నీరు గుహ చేస్తుంది.

ఈ వ్యాసంలో కర్నూలు ప్రాంతపు గుహల చరిత్ర చెప్పదలచాను. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల మండలాలు 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోకి వెళ్ళినవి. అయినా శాస్త్రగ్రంథాలలో వీటికి 'కర్నూలు గుహలు' అన్న పేరే స్థిరపడింది కనుక నేనూ అలాగే వ్రాస్తాను. మా వైపు గుహను 'గవి' అంటారు. ఉండవల్లి గుహల వంటివి మనుషులు ఉలితో తొలిచినవి. వాటి సంగతి వేరు. ఇక్కడ చెప్పేవి నీరు తొలిచిన గవులు.

ముందు రాతి విషయం. కర్నూలు నాపరాయిని భూగర్భశాస్త్రజ్ఞులు 'నార్జి సున్నపురాయి' అంటారు. కడప జిల్లాలోని నార్జి అనే ఊరి పేరు అది. భూమిమీద ఎముక ఉన్న జీవి ఏదీ పుట్టని అతి ప్రాచీన కాలంలో సముద్రపు అడుగున పొరలు పొరలుగా దిగిన మన్ను ఈ రాయి అయింది. అందుకే అది పలకలు పలకలుగా లేస్తుంది. అందుకే బేతంచెర్ల రాళ్ళు దేశమంతా ఇళ్ళలో పరచుకొన్నారు. కేంబ్రిడ్జ్ సుద్దరాయి దీనితో పోలిస్తే నిన్న మొన్నటిది, సుమారు పది కోట్ల సంవత్సరాల నాటిది. అది గుల్లలుగల సూక్ష్మజీవుల కళేబరాలతో నిండి ఉంటుంది. మన నార్జి రాతిలో ఎముక దొరకదు. కనుక ఆ గవులలో ఎముక కనబడితే అది తరువాత బయటినుంచి వచ్చి చేరినదే. ఈ మాట గుర్తుంచుకోవాలి, ముందు పనికివస్తుంది.

వాన నీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొద్దిగా పీల్చుకొంటుంది. నేలలోకి దిగేటప్పుడు కుళ్ళిన ఆకులూ వేళ్ళూ ఉన్న మట్టిలోంచి ఇంకా ఎక్కువగా పీల్చుకొని కాస్త పులుపెక్కుతుంది. ఆ నీరు రాతి నెర్రెలలో దూరి, నెర్రెను సందుగా, సందును సొరంగంగా పెంచుతుంది. ఆ నీరే గుహ కప్పునుంచి బొట్టుబొట్టుగా కారినప్పుడు దానిలోని వాయువు గాలిలో కలిసిపోతుంది. అప్పుడు సున్నం నీటిలో నిలువలేక బయటపడుతుంది. పైనుంచి దిగే రాతి ఊడలు, కిందినుంచి మొలిచే రాతి మొలకలు ఇలా ఏర్పడతాయి. కరిగించేదీ ఆ నీరే, కట్టేదీ ఆ నీరే. కెటిల్‌లో జరిగే తంతు ఇదే.

ఇటువంటి గవులలో మనవారు ఎక్కువమంది చూసినది కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహ. 'బిలం' అన్న మాటనుంచే ఆ పేరు వచ్చిందని చెబుతారు. బొర్రా గుహలకు కొండ ఎక్కాలి. బెలుం గుహకు చదునైన చేనులో బావిలాంటి గుంటలోకి దిగాలి. దీని గురించి రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు 1884లో వ్రాశాడు. తరువాత దాదాపు నూరేళ్ళు శాస్త్రజ్ఞులు దాని జోలికి పోలేదు. 1982, 83లలో హెర్బర్ట్ డానియెల్ గెబావర్ అనే జర్మన్ గుహాన్వేషకుడు తన బృందంతో వచ్చి లోపల పాకుతూ టేపు పట్టి కొలిచాడు. మొత్తం పొడవు 3,229 మీటర్లు తేలింది. మేఘాలయలో ఇంతకంటె పొడవైన గుహలున్నవి గాని, దక్షిణాదిన చదును నేల కింద ఇంత పెద్దది అరుదు. దాని లోతైన చోటు పైనుంచి సుమారు 46 మీటర్లు. అక్కడ ఒక సన్నని నీటిపాయ కనిపించి, కొంత దూరం పారి, మళ్ళీ రాతిలో మాయమవుతుంది. దానిని పాతాళగంగ అన్నారు. రాష్ట్ర పర్యాటక సంస్థ దారి చేసి, దీపాలు పెట్టి 2002లో గుహను ప్రజలకు తెరిచింది. సుమారు ఒకటిన్నర కిలోమీటరు మేర లోపల నడవవచ్చు.

నేను బడిపిల్లవాడిగా ఉన్నప్పుడు మా బడివారు మమ్మల్ని అక్కడికి తీసుకొనిపోయారు. చెమటతో తడిసి, ఉక్కకు ఆయాసపడుతూ పాతాళగంగదాకా దిగి, అందరమూ ఊడలనే చూశాము. కప్పును చూశాము, గోడలను చూశాము. కాళ్ళ కింద ఏమున్నదో ఒక్కరమూ చూడలేదు. గుహ చరిత్ర ఎక్కువగా ఉండేది ఆ కాళ్ళ కిందనే. ఈ సంగతి నాకు ఇంగ్లండు వచ్చిన తరువాత, కేంబ్రిడ్జ్‌కు పదమూడు మైళ్ళ దూరంలో ఉన్న రాయ్‌స్టన్ అనే ఊళ్ళో బోధపడింది.

సుద్దరాతిలో పెద్ద గుహలు సాధారణంగా ఏర్పడవు. రాయ్‌స్టన్‌లో ఉన్నది మనుషులు తవ్విన గుహ. 1742 ఆగస్టులో అక్కడి వెన్న అమ్మే అంగడివీథిలో కూర్చోవడానికి బల్ల ఒకటి పాతుదామని గుంట తీస్తుండగా ఒక తిరగలిరాయి అడ్డు తగిలింది. దాన్ని లేపితే కింద గొయ్యి కనిపించింది. గంట ఆకారంలో ఉన్న ఆ గుహ సగానికి పైగా మట్టితో నిండి ఉన్నది. నిధి ఉంటుందని ఊరివాళ్ళు ఆశపడి ఆ మట్టినంతా బకెట్లతో తోడి పారవేశారు. నిధి దొరకలేదు. మట్టి అంతా పోయిన తరువాత గోడలమీద చెక్కిన బొమ్మలు బయటపడినవి: సెయింట్ క్రిస్టఫర్, సెయింట్ కేథరీన్, సిలువమీద క్రీస్తు, ఇంకా ఎన్నో. అవి ఎవరు చెక్కారు, ఎప్పుడు చెక్కారు అని ఈనాటికీ వాదన నడుస్తూనే ఉన్నది. టెంప్లార్లనే వీరసన్యాసుల రహస్యస్థానమని కొందరంటారు. రుజువు లేదు. ఆ మట్టిలో ఒక నాణెమో, కుండపెంకో, బొగ్గుముక్కో ఏ లోతున ఉన్నదో చూసి ఉంటే తగవు ఏనాడో తీరేది. మట్టి పోయింది. దాని ఖాళీలో కట్టుకథలు చేరినవి.

ఇక మన బేతంచెర్లకు వద్దాము. ఆ ఊరికి దగ్గరలో ఉన్న గుహల సముదాయాన్ని బిల్లసర్గం అని, బిల్వస్వర్గం అని పిలుస్తారు. 1844లో న్యూబోల్డ్ అనే మద్రాసు సైన్యపు కాప్టెను అక్కడ గట్టిపడిన మట్టిలో ఎముకలు ఉన్నాయని బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వ్రాశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నలభై ఏళ్ళ తరువాత, డార్విన్ పక్షాన పోరాడిన శాస్త్రజ్ఞుడు థామస్ హక్స్‌లీకి ఆ వ్యాసం జ్ఞాపకం వచ్చింది. యూరపులో గుహల మట్టి తవ్వి మానవుని ప్రాచీనతను రుజువు చేస్తున్న రోజులవి. భారతదేశంలో కూడా అలా తవ్వి చూడరాదా అని 1883లో ఆయన మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు సూచించాడు. గవర్నరు ఆ పనిని బ్రూస్ ఫుట్‌కు అప్పగించాడు.

ఫుట్ అంటే సామాన్యుడు కాడు. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో రాతియుగపు పనిముట్టును గుర్తించి, ఈ దేశంలో రాతియుగ పరిశోధనకు పునాది వేసినవాడు. ఆయన 1884లో బిల్లసర్గం వచ్చి పని మొదలుపెట్టాడు. తరువాత త్రవ్వకాన్ని ఆయన కుమారుడు, ఫిరంగిదళంలో లెఫ్టినెంటు అయిన హెన్రీ బ్రూస్ ఫుట్ 1885 దాకా నడిపాడు. వాళ్ళు ఆ గుహలకు తమ మతపు పేర్లు పెట్టుకొన్నారు. ఎత్తైన కప్పుగలది కెతీడ్రల్, అంటే పెద్ద చర్చి. దానికి తోడు చాప్టర్ హౌస్. ఒకటి పర్గెటరీ, అంటే చచ్చినవారు పాపం కడుక్కొనే లోకం. ఇంకొకటి చార్నెల్ హౌస్, అంటే ఎముకల కొట్టు. ఊరివాళ్ళ నోట స్వర్గం ఉంటే దొరలు పక్కనే పాపాల లోకం కూడా పెట్టారన్నమాట.

దొరికిన ఎముకలను లిడెక్కర్ అనే జీవశాస్త్రజ్ఞుడు పరిశీలించి 1886లో గ్రంథం ప్రకటించాడు. అందులో కోతులు, పులి, దుమ్ములగొండి, అడవిగాడిద, జింకలు, ముళ్ళపంది, ఖడ్గమృగం ఉన్నవి. ఖడ్గమృగానికి ఆయన మన ఊరి పేరు కలిపి 'రైనోసెరాస్ కర్నూలియెన్సిస్' అని పేరు పెట్టాడు. ఒక పునుగుజాతి జంతువుకూ కర్నూలు పేరే పెట్టాడు. కొన్ని ఎముకలు ఆఫ్రికా జంతువులను పోలి ఉన్నాయని కూడా అభిప్రాయపడ్డాడు. ఇప్పుడు మనదేశపు అడవులలో ఖడ్గమృగం చూడాలంటే అస్సాం వంటి చోట్లకు పోవాలి. అది ఒకప్పుడు మా బేతంచెర్ల దగ్గర నీళ్ళు తాగిందని చెబితే మా తాత నమ్మి ఉండేవాడు కాదు. రాతిలో ఎముక లేదని ముందే అనుకొన్నాము కదా. ఇవన్నీ పైనుంచి జారిపడినవో, క్రూరమృగాలు ఈడ్చుకువచ్చినవో, వరదనీటిలో కొట్టుకొచ్చినవో అయి, మట్టి పొరలలో భద్రపడినవి.

వీటితోపాటు ఫుట్ తండ్రీకొడుకులు ఎముకతో చేసిన పనిముట్లు అనేకం దొరికినవని ప్రకటించారు. ఇవి యూరపులోని పాతరాతియుగపు చివరి దశ పనిముట్లను పోలినవని ఫుట్ అన్నాడు. ఇక్కడ అనుమానాలు బయలుదేరినవి. ముళ్ళపంది ఎముకలు కొరికి పళ్ళు నూరుకొంటుంది. దుమ్ములగొండి ఎముకలు పగలగొట్టి మూలుగ తింటుంది. మృగం కొరికిన ఎముకకూ, మనిషి చెక్కిన ఎముకకూ తేడా చెప్పడం సులభం కాదు. శరీరంలో విరిగిన ఎముకను చూసి, దెబ్బ తగిలి విరిగిందా, జబ్బుతో విరిగిందా అని తేల్చడానికే డాక్టర్లం తలలు పట్టుకొంటాము. మాకైతే రోగి చెప్పే కథ ఉంటుంది. గుహలో దొరికిన ఎముక కథ చెప్పాలంటే అది ఏ పొరలో, దేని పక్కన పడి ఉన్నదో తెలియాలి. 1885 నాటి త్రవ్వకంలో ఈనాటి సూక్ష్మత లేదు. దోషం వారిది కాదు, కాలానిది. కాని ఆ మట్టిని మళ్ళీ ఎవరూ అక్కడ పెట్టలేరు. శవపరీక్ష లాగానే, త్రవ్వకం కూడా ఒక చోట ఒక్కసారే చేయగలం.

ఈ కథలో మన కేంబ్రిడ్జ్ ప్రవేశించేది తరువాత. కమియాడ్ అనే మద్రాసు ప్రభుత్వోద్యోగి నల్లమల పరిసరాలలో కొండవాగుల గట్లు తిరిగి ఏ పొరలో ఏ రకం రాతి పనిముట్టు దొరుకుతున్నదో శ్రద్ధగా గుర్తించి సేకరించాడు. కర్నూలు ఎముకల గుహలమీద కూడా 1927లో ఒక వ్యాసం వ్రాశాడు. ఇంగ్లండులో ఆయన సేకరణను పరిశీలించినవాడు మైల్స్ బర్కిట్. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో చరిత్రపూర్వ యుగాన్ని బోధించిన తొలితరం అధ్యాపకుడాయన. 1930లో 'ఆంటిక్విటీ' పత్రికలో ఇద్దరూ కలిసి వ్రాసిన వ్యాసంలో మన తూర్పు కనుమల రాతియుగాన్ని నాలుగు దశలుగా విభజించారు: మొదట చేతిగొడ్డళ్ళు, తరువాత పెచ్చులు, ఆ తరువాత సన్నని కత్తుల వంటి రాళ్ళు, చివర గోరంత చిన్న రాళ్ళు. తరువాతి పరిశోధకులు చాలాకాలం ఈ చట్రంలోనే పని చేశారు. కమియాడ్ సేకరించిన రాళ్ళు డౌనింగ్ వీథిలోని పురావస్తు, మానవశాస్త్ర మ్యూజియంలో ఉన్నవి. మనలో చాలామంది వారాంతంలో పిల్లలతో ఆ వీథి వెంట నడుస్తూనే ఉంటాము. కర్నూలు రాళ్ళు ఆ గోడ వెనక ఉన్నవని ఎంతమందికి తెలుసు?

దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఈ పనిని మనవారు అందుకొన్నారు. 1970ల మొదట్లో ఎం.ఎల్.కె. మూర్తిగారు బేతంచెర్ల ప్రాంతంలోని ముచ్చట్ల చింతమాను గవిలో త్రవ్వకం చేశారు. ఎంత చక్కని పేరు! వాకిట్లో చింతచెట్టు ఉన్న గుహ అని పిల్లవాడికైనా అర్థమవుతుంది. ఆ గవిలో రాతి పనిముట్లతోపాటు ఎముక పనిముట్లు కూడా దొరికినవి. ఫుట్ చెప్పినదాన్ని పూర్తిగా కొట్టిపారవేయడానికి వీలులేదని తేలింది. అంతకంటె విలువైనది ఒక పొయ్యి. మంట మండి కాలిన మట్టి అక్కడ మిగిలి ఉన్నది. కాలిన మట్టికి ఒక గుణమున్నది. నిప్పులో కాలినప్పుడు దానిలో అంతవరకు నిలువ ఉన్న శక్తి వెలుతురుగా వెళ్ళిపోతుంది. ఆ రోజునుంచి మళ్ళీ కొద్దికొద్దిగా కూడుకొంటుంది. ప్రయోగశాలలో వేడిచేసి ఆ వెలుతురును కొలిస్తే, చివరిసారి నిప్పు ఎప్పుడు పెట్టారో లెక్క కట్టవచ్చు. చింతమాను గవి పొయ్యి వయస్సు సుమారు 17,000 సంవత్సరాలని వచ్చింది.

మనసును కదిలించేది ఈ పొయ్యి. రాజుల పేర్లు లేవు, శాసనం లేదు. ఒక సాయంకాలం ఎవరో పుల్లలు ఏరి తెచ్చి, గాలి తగలని మూల చూసుకొని, నిప్పు రాజేసుకొన్నారు. పిల్లలు చుట్టూ చేరి ఉంటారు. తెలుగు అనే భాష ఇంకా పుట్టని కాలం. అయినా వాళ్ళు కూర్చున్నది మన నాపరాతిమీదనే. ఆ గవిలోకి పశువులకాపరో, పిడకల కోసం ఎవరో వచ్చి ఆ మట్టిని పారతో ఎత్తి పొలంలో చల్లి ఉంటే, పొయ్యి ఉన్న సంగతి కూడా లోకానికి తెలిసేది కాదు.

ఈ శతాబ్దంలో పని మళ్ళీ ఊపందుకొన్నది. ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయం ఆచార్యుడు రవి కొరిశెట్టర్, అప్పుడు కేంబ్రిడ్జ్‌లో పనిచేస్తున్న మైకేల్ పెట్రాగ్లియా కలిసి బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలోని జ్వాలాపురంలో త్రవ్వకాలు జరిపారు. అక్కడ పొలాల కింద తెల్లని బూడిద మందంగా పరచుకొని ఉన్నది. సుమారు 74,000 సంవత్సరాల కిందట సుమత్రా దీవిలో తోబా అనే అగ్నిపర్వతం పేలినప్పుడు బంగాళాఖాతం దాటి వచ్చి పడిన బూడిద అది. దాని కిందా, దాని పైనా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికినవి. రెండూ చాలావరకు ఒకే రకంగా ఉన్నవి. అంతటి ఉత్పాతం తరువాత కూడా అక్కడ మనుషుల బ్రతుకు తెగిపోలేదని వారు 2007లో 'సైన్స్' పత్రికలో వాదించారు. ఆ మనుషులు మనవంటివారేనా, అంతకుముందటి జాతివారా అన్న చర్చ ఇంకా ముగియలేదు. అదే ఊరి దగ్గరి ఒక రాతిచరియ కింద 35,000 ఏళ్ళ కిందటినుంచి గోరంత రాతి పనిముట్ల వరుస దొరికింది.

బిల్లసర్గంలో కూడా, ఫుట్ తవ్వగా మిగిలిన పొరలను కొత్త పద్ధతులతో మళ్ళీ పరిశీలించారు. ఫలితం 2014లో వెలువడింది. నాకు అన్నిటికంటె ఆశ్చర్యం కలిగించింది ఇదే. అక్కడ గుర్తించిన 21 రకాల క్షీరదాలలో 20 రకాలు కనీసం లక్ష సంవత్సరాలనుంచి ఈనాటిదాకా భారత ఉపఖండంలో ఏదో ఒక మూల బ్రతికే ఉన్నవి. కొన్ని రెండు లక్షల ఏళ్ళనుంచి ఉన్నవి. ఈ విషయంలోని గొప్పతనం తెలియాలంటే కేంబ్రిడ్జ్‌లోని సెడ్జ్‌విక్ మ్యూజియం చూడాలి. అందులో నీటిగుర్రం అస్థిపంజరం ఒకటి నిలబెట్టి ఉంటుంది. ఆఫ్రికానుంచి తెచ్చినది కాదు, ఇక్కడికి కొద్ది మైళ్ళలో ఉన్న బారింగ్టన్ గ్రామంలో తవ్వగా దొరికినది. సుమారు లక్షా పాతికవేల సంవత్సరాల కిందట కామ్ నది పరిసరాలలో నీటిగుర్రాలు తిరిగేవి. ఇక్కడినుంచి అవి పూర్తిగా పోయినవి. యూరపులో, అమెరికాలలో, ఆస్ట్రేలియాలో పెద్ద జంతువులు ఎన్నో నశించినవి. మన దేశంలో మటుకు చాలావరకు చెదిరి, సర్దుకొని, అడవుల ముక్కలలో తలదాచుకొని నిలిచినవి. మనుషుల పక్కనే నిలిచినవి. ఈ సాక్ష్యం చెప్పింది బేతంచెర్ల గవి మట్టి.

మట్టి ఒక్కటే కాదు, ఊడలు కూడా లెక్క చెబుతాయి. చెట్టు మానులో వలయాల మాదిరిగా రాతి మొలకలో పొరలుంటాయి. కర్నూలు ప్రాంతంలోనే ఉన్న వాల్మీకి గుహనుంచి తీసిన ఒక రాతి మొలకను హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు పరీక్షించి, సుమారు 15,700 నుంచి 14,700 ఏళ్ళ కిందటి వెయ్యి సంవత్సరాల నైరుతి వానల హెచ్చుతగ్గులను 2014లో ప్రకటించారు. వాన కోసం ఆకాశంవంక చూడడమే బ్రతుకైన రాయలసీమలో, వానల ఖాతాపుస్తకం నేల కింద భద్రంగా ఉన్నదన్నమాట. సరదాకు ఒక ఊడ విరిచి జేబులో వేసుకొన్నవాడు ఆ పుస్తకంలో కాగితం చించినట్లే.

ఇంతదాకా చెప్పినది ఎముకల సంగతి. బ్రతికి ఉన్న మనుషులకూ ఈ గవులతో సంబంధం తెగలేదు. యాగంటి ఉమామహేశ్వరుని గుడి చుట్టూ ఉన్న అగస్త్య గుహ, వెంకటేశ్వర గుహ అందరూ ఎరిగినవే. అక్కడి కోనేటిలో నీరు ఎండాకాలంలోనూ ఎండదు. బనగానపల్లె దగ్గర రవ్వలకొండ గవిలో కూర్చొని పోతులూరి వీరబ్రహ్మంగారు కాలజ్ఞానం వ్రాశారని, పగలు గరిమిరెడ్డి అచ్చమ్మగారి ఆవులను కాశారని మన పెద్దలు చెబుతారు. వెనకటి సంగతి చెప్పే గవులూ, ముందు జరగబోయేది చెప్పారన్న గవీ ఒకే రాతిలో, కొద్ది మైళ్ళ తేడాలో ఉండడం నాకు ఎప్పుడూ ముచ్చటగా తోస్తుంది. శాస్త్రం వేరు, భక్తి వేరు అని కొట్లాడవలసిన పని ఇక్కడ లేదు. నిజానికి దేవుడున్నాడని భయపడినచోట ఎవరూ రాయి తవ్వలేదు. గుడి లేని గవులే దిక్కులేనివి.

ఈ దిక్కులేనివాటి గురించే నా దిగులు. నాపరాయి మా జిల్లాకు అన్నం పెడుతున్నది. గనులు, పాలిషు యంత్రాలు, సిమెంటు కర్మాగారాలు వేలమందికి కూలి ఇస్తున్నవి. కేంబ్రిడ్జ్‌లో కూర్చొని వాటిని మూయమనడానికి నేనెవరిని? నేను పుట్టిన ఇంటి నేల కూడా ఆ గనిలోంచి వచ్చిందే. జ్వాలాపురంలో ఆ బూడిదను కూడా రైతులు తవ్వి గిన్నెలు తోమే పొడి, సబ్బుపొడి తయారుచేసేవారికి అమ్ముకొన్నారు. 74,000 ఏళ్ళ కిందటి ఉత్పాతపు సాక్ష్యం ఎవరింట్లోనో పళ్ళెం తోమి తూములో కలిసింది. ఆ రైతును తప్పుపట్టలేము. అది ఏమిటో ఆయనకు ఆయన భాషలో ఎవరు చెప్పారు? న్యూబోల్డ్, ఫుట్, లిడెక్కర్, బర్కిట్, ఈనాటివారు, అందరూ వ్రాసినది ఇంగ్లీషులోనే. కోయవలసిన అవయవం ఏదో, ముట్టకూడనిది ఏదో తెలియకుండా కత్తి పట్టుకొన్నవాణ్ణి నిందించేముందు, పాఠం చెప్పనివాణ్ణి నిందించాలి.

కోరవలసినవి పెద్ద కోరికలేమీ కావు. గనికి అనుమతి ఇచ్చేముందు ఆ బండలో గవి ఉన్నదా అని ఒకసారి చూడాలి. గవి ఉంటే, దాని అడుగు మట్టిని తెలిసినవారు పరిశీలించేదాకా పార పెట్టకూడదు. యాత్రికులకు తెరిచే గుహలలో దారి వేసేముందు కనీసం ఒక మూలను కదపకుండా వదలాలి. రేపటివారికి మనకంటె మంచి పద్ధతులు వస్తాయి. 1885లో ఫుట్ అంతా తవ్వివేయకుండా కొంత మిగల్చబట్టే 2014లో కొత్త మాట తెలిసింది. ఇక మనవంటి ప్రవాసులు చేయగలిగినది ఒకటున్నది. ఈ ఊరి గ్రంథాలయాలలోను, మ్యూజియంలోను ఉన్న మన గవుల సమాచారాన్ని తెలుగులో వ్రాసి, బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల బడులకు పంపవచ్చు. మన సంఘంలో భూగర్భశాస్త్రం చదివినవారు, గ్రంథాలయాలలో పనిచేసేవారు ఉన్నారు. ఎవరైనా చేయి కలిపితే నా వంతు పని చేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

వచ్చే సెలవులలో ఇంటికి పోయి, పిల్లలను బెలుం తీసుకుపోయేవారు తప్పకుండా ఉంటారు. పాతాళగంగ చూపండి, ఊడలు చూపండి. ఆ తరువాత ఒక్క నిమిషం ఆగి కిందికి కూడా చూపండి. చింతమాను గవిలో నిప్పు రాజేసినవారి సంగతి మనకు చేరింది అటువంటి మట్టిలోంచే.